గాలికి తెల్లబడే చెట్టు

బస్తా మూతి విప్పి ఓక్ కాయలు చాపమీద గుమ్మరించగానే బోక్‌సిల్ ముందుగా చేసే పని వాసన చూడటం. బూజు పట్టిన కాయలు కాసిని కలిసినా చాలు, ఎన్ని నీళ్ళు మార్చి నానబెట్టినా, ఆ కాయల పిండి ఉడికించి చేసి అమ్మే జున్నులో ఆ కంపు ఉండిపోతుంది. ఆ రోజూ దోసెడు కాయలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. మంచి సరుకే. గుండ్రంగా, చేతికి బరువుగా ఉన్నాయి. కొన్నిటికి టోపీలు ఇంకా ఊడలేదు. వాటిమీద ఉంగరాల జుట్టులాంటి పొలుసులు వేళ్ళకి గీసుకుంటున్నాయి.

తెచ్చినావిడని జెచోన్ సంతలో అంతా ఇమ్గే వదిన అంటారు. పైన కొండల్లో ఉన్న ఇమ్గే ఆవిడ ఊరు. బోక్‌సిల్‌కి ఏటా కాయలు పోసే ముసలాయన ఆ ఏడు నడుం పట్టేసి కొండెక్కలేకపోతే, సంతలో ఎవరో ఈవిడని పంపించారు. ఆవిడ బస్తా దించి, దుకాణం అరుగుమీద చతికిలబడి, బోక్‌సిల్ ఇచ్చిన వేడి బార్లీ నీళ్ళు ఊదుకుంటూ తాగుతోంది. పురుగు పట్టినవి ఏరి పారేసే తెచ్చానని, నమ్మకపోతే నీళ్ళలో వేసి చూసుకోమని, తేలినవి తిరిగిచ్చేస్తే తన పందికి వేసుకుంటానని చెప్పింది.

కాయల్లో కొన్ని రెమ్మలూ ఆకులూ కలిసి వచ్చాయి. బోక్‌సిల్ వాటిని ఏరి పక్కన పడేస్తోంది. ఆ ఆకు ఆమెకి కొత్తది కాదు. సన్నగా పొడుగ్గా ఉండి, అంచున రంపం పళ్ళలాంటి నొక్కులు, ప్రతి నొక్కు కొసనా పాలిపోయిన ముల్లులాంటి మొన. ఊరి చుట్టూ గుట్టలమీద ఉండే సాంగ్సూరి ఓక్‌కి ఇదే ఆకు. పెళ్ళయినప్పటి నుంచీ ఏటా ఈ ఆకులు ఏరి పారేస్తూనే ఉంది. కాకపోతే ఈసారి ఒక ఆకు చేతిలోంచి జారి వెల్లకిలా పడింది. దాని వెనకవైపు తెల్లగా ఉంది.

బోక్‌సిల్ దాన్ని తీసి బొటనవేలితో రుద్దింది. పిండి అంటినట్టుంది గానీ రాలలేదు. సన్నటి నూగు, పిల్లి చెవి లోపల ఉండేలాంటిది. ఇంకో ఆకు తిప్పింది. అదీ అంతే. పారేసిన వాటిని మళ్ళీ ఏరి ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"వదినా, ఈ ఆకుకి తెగులేమైనా పట్టిందా?"

ఇమ్గే వదిన చూసి నవ్వింది. "తెగులేంటి, గుల్చమ్ ఆకు అంతే. వెనక తెల్లగానే ఉంటుంది."

"సాంగ్సూరి కాదా ఇది?"

"కాయ చూస్తే నేనూ పోల్చలేనులే, రెండూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. ఆకు తిప్పి చూడాలి. సాంగ్సూరికి వెనకా పచ్చే. బెరడు నొక్కి చూడాలి. సాంగ్సూరి బెరడు రాయి, గోరు విరుగుతుంది. గుల్చమ్‌ది దళసరిగా ఉంటుంది, వేలు పెట్టి నొక్కితే పరుపులా లోపలికి పోతుంది. అయినా మా ఎత్తున సాంగ్సూరి ఎక్కడిది? అది పల్లపు చెట్టు. రాళ్ళలో, ఎండ కొట్టే చోట నిలబడేది గుల్చమే."

బోక్‌సిల్ ఆకుని ఇంకోసారి తిప్పి చూసింది. తర్వాత, గాలి వీస్తే ఆ చెట్టు ఎలా ఉంటుందని అడిగింది. ప్రశ్న చిన్నపిల్ల అడిగినట్టుందని ఆమెకే అనిపించి తల దించుకుంది.

"గాలొస్తే ఆకులన్నీ తిరగబడతాయి కదా. కొండంతా తెల్లబడుతుంది," అంది ఇమ్గే వదిన, గిన్నె అడుగున మిగిలిన బార్లీ గింజలు నోట్లో పోసుకుంటూ.

బోక్‌సిల్ కాయల మీదే కూర్చుండిపోయింది. టోపీల పొలుసులు బట్టలోంచి గుచ్చుకుంటున్నా లేవలేదు.

గాలికి తెల్లబడే చెట్టు. తన ఇంటి గురించి ఆమె ఎవరికైనా చెప్పుకున్నవి రెండే సంగతులు, వాటిలో ఇదొకటి. యుద్ధం నాటి చలికాలంలో జెచోన్ దారిలో ఒక బండి పక్కన ఏడుస్తూ దొరికిన పిల్ల ఆమె. పెంచినావిడకి ఈ సంగతి చెబితే, చెట్లు తెల్లబడవు, మంచు చూసి ఉంటావులే అని కొట్టిపారేసింది. రెండో సంగతి ఇంకా నవ్వులాటగా ఉండేది. ఇంట్లో పడుకుంటే కప్పులోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా నేలమీద పడేది. వాటిని ఏరుకోవాలని ఆమె వేళ్ళతో గిల్లేది. అంటే కప్పంతా చిల్లులన్నమాట, వాన వస్తే మీరంతా ఈదేవాళ్ళా అని జనం నవ్వేవాళ్ళు. ఆ ఇంట్లో వాన కురిసినట్టు మాత్రం ఆమెకి గుర్తులేదు. ఆ మాట ఎవరూ నమ్మేవారు కాదు.

ఇప్పుడు ఆ రెండోదాన్ని కూడా ఆమె మెల్లగా ఇమ్గే వదిన ముందు పెట్టింది. ఆవిడ నవ్వలేదు.

"గుల్చమ్ బెరడు కప్పిన ఇల్లమ్మా అది. ఎండాకాలం బెరడు ఎండి ముడుచుకుంటుంది, సందుల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. చినుకు పడగానే ఉబ్బి కలిసిపోతుంది. బొట్టు కారదు. మా అత్తగారిల్లు అట్లాగే ఉండేది." ఆగి, బోక్‌సిల్ ముఖం పరీక్షగా చూసింది. "నువ్వెవరి పిల్లవి?"

*

బోక్‌సిల్ భర్త హక్‌సు రైల్వే యార్డులో బొగ్గు వ్యాగన్లు జోడించే పని చేస్తాడు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తే భార్య కంచం పక్కన ఊరగాయ గిన్నెతో పాటు ఒక ఆకు కూడా పెట్టింది. అతను ఆకుని చూసి, ఆమెని చూసి, ఏమిటన్నట్టు గడ్డం ఎగరేశాడు. తిప్పి చూడమంది. తిప్పాడు.

చాలాసేపు ఆకుని చేత్తో పట్టుకునే ఉన్నాడు. అన్నం చల్లారిపోతోందని ఆమె గుర్తు చేయాల్సి వచ్చింది.

కొద్ది నెలల కిందట, ఆ ఏటి వేసవిలో దేశమంతా టీవీ ముందు కూర్చుంది. యుద్ధంలో తప్పిపోయినవాళ్ళు తమవాళ్ళని వెతుక్కుంటూ అట్టముక్కలమీద తమ వివరాలు రాసుకుని, గుండెలకి ఆనించి పట్టుకుని, వరసలో నిలబడి కెమెరా ముందుకి వచ్చేవారు. బోక్‌సిల్ కూడా వెళ్ళింది. పేరు తెలియదు, ఊరు తెలియదు, తల్లిదండ్రుల పేర్లు తెలియవు. అట్టమీద రాయడానికి ఆమె దగ్గరున్నవి ఆ చెట్టూ ఆ కప్పూ. రాసింది హక్‌సు. అతని చేతిరాత బాగుంటుంది. చెట్టు తెల్లబడుతుందని రాస్తే జనం నవ్వుతారని, దాని కింద టోపీకి ఉంగరాల జుట్టున్న కాయలు రాలేవని ఆమె చెప్పాక అది సాంగ్సూరి తప్ప ఇంకేముంటుందని, "ఇంటి ముందు పెద్ద సాంగ్సూరి చెట్టు" అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. అతను పల్లపు ప్రాంతం మనిషి. అతనికి తెలిసిన చెట్టు అదే. కెమెరా ఆమె ముఖం మీద కాసేపు ఆగి పక్కకి జరిగింది. చుట్టూ ఎవరెవరో ఒకరినొకరు కరుచుకుని నేలమీద దొర్లి ఏడుస్తున్నారు. ఆమె కోసం ఎవరూ ఫోన్ చెయ్యలేదు. తిరిగొచ్చాక చాలా రోజులు ఆమె పొయ్యి దగ్గర కూర్చుని జున్ను కలుపుతూ కలుపుతూ ఉండిపోయేది. అడుగంటిన వాసన ఇల్లంతా వస్తున్నా తెలిసేది కాదు. హక్‌సు అప్పుడు ఆ అట్టని కనపడకుండా తీసేశాడు.

ఇమ్గే వదిన చెప్పిన మిగతా సంగతి ఆమె ఇప్పుడు అతనికి చెప్పింది. ఇమ్గేకి పైన దోల్‌బత్ అనే చోట చున్‌సిమ్ అని ఒకావిడ ఉంది. చిన్నప్పుడు తప్పిపోయిన చెల్లెలి కోసం ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది. టీవీలో అదంతా చూసి ఆశపుట్టి ఈ వేసవిలో ఇద్దరు ఆడవాళ్ళు ఆమె దగ్గరకి వెళ్ళారట. ఇద్దరూ కాదని తేలింది. అప్పటినుంచీ ఆమె చెల్లెలి మాట ఎత్తితే లేచి లోపలికి పోతోందట.

"వెళ్తాను," అంది బోక్‌సిల్.

"కాకపోతే?"

ఆమె ఊరగాయ గిన్నె అతని వైపు జరిపింది. అతను ఆకుని జాగ్రత్తగా కంచం పక్కనే పెట్టి, చల్లారిన అన్నంలో నీళ్ళు పోసుకుని తిన్నాడు. వెళ్ళేముందు గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ, వెనక్కి తిరగకుండానే, తెల్లబడుతుందని నువ్వు చెప్పినట్టే రాయాల్సింది అన్నాడు. ఆ పూట యార్డుకి పోతూ ఆ కొండల దిక్కుకి పోయే జోంగ్‌సోన్ రైలు ఎప్పుడుందో కనుక్కుని, పక్కింటి పిల్లాడితో కబురు పంపించాడు.

*

ఇమ్గే వదిన తోడుండబట్టి దారి తెలిసింది. రైలు దిగి బస్సు ఎక్కి, బస్సు దిగి కాలిబాట పట్టారు. ఇమ్గే వదిన తన ఊరి మలుపు దగ్గర ఆగి, వాగు పక్కనే పైకి పొమ్మని, ఇల్లు దాటిపోయే భయం లేదని, ఆ పైన ఇంకో ఇల్లు లేదని చెప్పింది. కాస్త దూరం పోయి మళ్ళీ వెనక్కి వచ్చి, చున్‌సిమ్ నోరు కొంచెం కటువు, పట్టించుకోవద్దని కూడా చెప్పింది.

వాగు ఇరుకైనకొద్దీ పైన్ చెట్లు పలచబడి, ఎడమవైపు ఎండ పడే రాతివాలు మొదలైంది. అక్కడ ఉన్నవన్నీ ఒకే జాతి. బోక్‌సిల్ మొదటి చెట్టు దగ్గరే ఆగింది. బూడిదరంగు బెరడు నిలువునా లోతైన చాళ్ళుగా చీలి ఉంది. దుక్కి దున్నిన చేనుని నిలబెట్టినట్టుంది. బొటనవేలు పెట్టి నొక్కింది. లోపలికి దిగింది. వేలు తీస్తే ఆ గుంట మెల్లగా పైకి లేచి సర్దుకుంది. ఆమె ఇంకోసారి నొక్కింది. ఆ మెత్తదనం ఆమెకి కొత్తగానే ఉంది. ఏమీ గుర్తు రాలేదు. తను ఊరికే ఆశపడి వచ్చిందేమో అనిపించింది. ఇన్ని చెట్లుంటే, ఇలాంటి వాలులు ఇన్ని ఉంటే, ఒక చెట్టు పేరు తెలిసినంత మాత్రాన ఏ ఇంటి ముందుకి పోతుంది?

అప్పుడు లోయలోంచి గాలి లేచింది. ముందు చప్పుడు వచ్చింది, ఎండుటాకుల గరగర. తర్వాత వాలు అడుగు నుంచి తెలుపు బయల్దేరింది. పసుపూ గోధుమరంగూ కలిసిన ఆకులు ఒక్కొక్క కొమ్మా తిరగబడుతూ, ఎవరో కింద నుంచి పైకి దుప్పటి లాగినట్టు కొండంతా తెల్లబడి, శిఖరం దాకా పోయి, మళ్ళీ మామూలు రంగుకి వచ్చింది.

బోక్‌సిల్ చెట్టుని పట్టుకుని నిలబడింది. ముప్ఫై ఏళ్ళు దాటినా ఎవరూ నమ్మని, చివరికి తనే నమ్మడం మానేసిన సంగతి కళ్ళ ముందు జరిగింది. ఏడుపు రాలేదు. గాలి మళ్ళీ వస్తుందేమోనని చూస్తూ నిలబడింది. వచ్చింది. ఇంకోసారి కూడా వచ్చేదాకా అక్కడే ఉంది.

ఇల్లు కనిపించగానే ముందు పైకి చూసింది. కప్పు సిమెంటు రేకులది. బెరడు కాదు. వాకిట్లో ఒక ఆడమనిషి రాతిమీద ఓక్ కాయలు పోసుకుని చెక్క సుత్తితో పెంకులు కొడుతోంది. మోకాళ్ళు ముడవలేక కాళ్ళు రెండూ బారచాపుకుని కూర్చుంది. బోక్‌సిల్ వంగి నమస్కరించింది. ఆవిడ తలెత్తి చూసి, మళ్ళీ సుత్తి ఎత్తింది.

ఇమ్గే వదిన పంపించిందని బోక్‌సిల్ చెప్పింది. ఎందుకో చెప్పకముందే ఆవిడకి అర్థమైపోయింది. పెంకు కొడుతూనే, తన దగ్గర ఏడుపుకి నీళ్ళు మిగల్లేదని, ఇంకొకరి ముఖం చేతుల్లోకి తీసుకుని చూసి కాదని చెప్పే ఓపిక తనకి లేదని, బస్సు వెళ్ళిపోయేలోగా కిందకి దిగితే మంచిదని అంది. కోపంగా ఏమీ అనలేదు. అలసిపోయిన మనిషి చెప్పినట్టు చెప్పింది.

బోక్‌సిల్ వెళ్ళలేదు. ఎదురుగా గొంతుక్కూర్చుని, పెంకులోంచి పప్పు విడదీయడం మొదలుపెట్టింది. ఆ పని ఆమె చేతులకి ఎవరూ చెప్పక్కర్లేదు. చున్‌సిమ్ ఆ చేతులకేసి చూసింది. వద్దనలేదు. కాసేపు ఒకరు కొట్టడం, ఒకరు ఏరడం జరిగింది.

"ఏం గుర్తుంది?" అంది చివరికి చున్‌సిమ్, రాయి వైపే చూస్తూ.

"చెట్టొకటి. గాలికి తెల్లబడేది."

"ఈ కొండమీద పుట్టిన వాళ్ళందరికీ అది గుర్తుంటుంది."

"కప్పులోంచి వెలుతురు చుక్కలు పడేవి."

"అదీ అంతే. వేసవిలో వచ్చినావిడా అదే చెప్పింది."

బోక్‌సిల్‌కి చెప్పడానికి ఇంక ఒకటే మిగిలింది. దాన్ని ఆమె ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, హక్‌సుకి కూడా. పెద్దవాళ్ళు చెప్పే సంగతిలా ఉండదది. కలలో చూసిందేమోనని ఆమెకే అనుమానం.

"ఆ చెట్టు ఎర్ర పావడా కట్టుకుని ఉండేది," అంది.

సుత్తి ఆగింది.

"మొత్తం కాదు. ఒకవైపే ఎరుపు. రెండోవైపు... ఏదో పలకలాంటిది వేలాడుతూ ఉండేది. గాలొస్తే చెట్టుకి కొట్టుకునేది. టప్ టప్ అని. నాకు భయం వేసేది."

చున్‌సిమ్ సుత్తి కింద పెట్టింది. నేలమీద రెండు చేతులూ ఆనించి, మోకాళ్ళు సహకరించక ఒకసారి కూలబడి, మళ్ళీ లేచింది. బోక్‌సిల్ సాయం చేయబోతే చెయ్యి విదిలించింది. ఇంటి పక్కగా నడిచింది. బోక్‌సిల్ వెనకే పోయింది.

ఇంటి వెనకున్న గొడ్లచావిడికి మాత్రం ఇంకా బెరడు కప్పే ఉంది. నల్లగా ముదిరిన బెరడు పలకలు, వాటిమీద బరువుకి రాళ్ళు. పాత రోజుల్లో ఇంటి వాకిలి ఇటువైపే ఉండేదని చున్‌సిమ్ నడుస్తూనే చెప్పింది. చావిడికి ఎదురుగా ఆ చెట్టు ఉంది. ఇద్దరు చేతులు చాపితే గానీ అందనంత మాను. దాని ఒకవైపు బెరడు ఎంత దళసరిగా ఉందంటే, చీలికల్లో చెయ్యి నిలువుగా పెడితే మణికట్టు దాకా పోతుంది. రెండోవైపు, తలకి పైన ఒక ఎత్తు నుంచి వేళ్ళ దాకా, బెరడు పలచగా, నునుపుగా, ముదురు గోధుమరంగులో ఉంది. రెంటికీ మధ్య పైనుంచి కిందకి మెట్టులాంటి అంచు. ఒకే మాను, రెండు వయసులు.

"బెరడు ఒలిస్తే లోపల ఎర్రగా ఉంటుంది," అంది చున్‌సిమ్. "యుద్ధం వచ్చిన ఏడు వేసవిలో నాన్న దీన్ని ఒలుస్తున్నాడు. ఇటువైపు అయింది. అటువైపు పై గాటు పెట్టి, అంచున ఒక పలక సగం విడదీశాడు. సైనికులు వచ్చారు, మోత మోయడానికి మనిషి కావాలన్నారు. చేతిలో గొడ్డలి కింద పెట్టి వెళ్ళాడు. చలికాలం మేము కొండ దిగేదాకా ఆ పలక అట్లాగే వేలాడుతూ ఉంది. అమ్మ తియ్యనివ్వలేదు, ఆయనొచ్చి తీస్తాడంది."

నాన్న రాలేదని వేరే చెప్పలేదు.

బోక్‌సిల్ ఆ మెట్టులాంటి అంచు మీద చెయ్యి పెట్టింది. మానుకి అవతలి పక్క చున్‌సిమ్ నిలబడి ఉంది. ఆమె ముఖం కనిపించడం లేదు, గొంతు వినిపిస్తోంది. బెరడు కొనేవాళ్ళు ఎన్నిసార్లు వచ్చినా ఈ ఒక్క చెట్టునీ ముట్టుకోనివ్వలేదంటోంది. తర్వాత గోరుతో బెరడు గీకుతున్న చప్పుడు వినిపించింది.

"నిన్ను చూశాను."

"ఎప్పుడు?"

"ఈ వేసవిలో, టీవీలో. ఇమ్గేలో రేడియోల కొట్టు ముందు జనం మూగారు. అట్ట పట్టుకుని నువ్వు నిలబడ్డావు. పక్కనున్నావిడ నన్ను పొడిచింది, చూడు చూడు నీ నోరే, నీ నుదురే అంది. నేను అట్ట చదివించుకున్నాను. సాంగ్సూరి చెట్టు అని ఉందన్నారు. మా కొండమీద సాంగ్సూరి లేదు, ఈమె ఎవరో పల్లపు పిల్ల అని... ఉప్పు కొనుక్కుని వచ్చేశాను."

బోక్‌సిల్ కళ్ళ ముందు హక్‌సు గుండ్రటి అక్షరాలు మెదిలాయి. బ్రష్‌ని సిరాలో ముంచి, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, అట్ట పాడవకుండా అతను ఎంత శ్రద్ధగా రాశాడో గుర్తొచ్చింది.

"నేనే అట్లా రాయించాను," అంది. "చెట్టు పేరు తెలియలేదు, అక్కా."

అక్కా అన్న మాట దానంతటదే వచ్చింది. చున్‌సిమ్ మాను చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చింది. దగ్గరగా నిలబడింది గానీ ముఖం చేతుల్లోకి తీసుకోలేదు. బోక్‌సిల్ భుజంమీద అంటుకున్న కాయ పెంకు ఒకటి తీసి పారేసి, ఆ చేతిని అక్కడే ఉంచేసింది.

*

సాయంత్రం దాకా ఇద్దరూ పెంకులు కొట్టారు. చెప్పుకోవాల్సింది చాలా ఉండటంతో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఎక్కువగా కాయల గురించే మాట్లాడుకున్నారు. వాగు నీళ్ళలో నానితే వగరు త్వరగా పోతుందని చున్‌సిమ్ అంది. కుళాయి నీళ్ళయినా ఓపిగ్గా మారుస్తూ ఉంటే పోతుందని బోక్‌సిల్ అంది. జున్ను ఎటువైపు తిప్పుతూ ఉడికించాలన్న దానిమీద కాసేపు వాదించుకున్నారు. అమ్మ పోయి చాలా ఏళ్ళయిందని ఆ వాదన మధ్యలోనే బయటపడింది. చెల్లెల్ని పోగొట్టుకొచ్చినందుకు అమ్మ తనని ఒక్క మాట కూడా అనలేదని, అదే భరించలేకపోయానని చున్‌సిమ్ అంది.

పోగొట్టుకున్నది ఎలాగో కూడా చెప్పింది. యోంగ్‌వోల్ ఊరు దాటాక మంచులో పారిపోతున్న జనం కదలక మెదలక నిలిచిపోయారు. తన వీపుమీద చెల్లెలు. భుజాలు పడిపోతున్నాయి. ఎక్కడో అన్నం ముద్దలు పంచుతున్నారని కేక వినిపించింది. ఒక బండి పక్కన పిల్లని దించి, కదలకు అని చెప్పి పరిగెత్తింది. ముద్ద దొరికింది. తిరిగొచ్చేసరికి బండి లేదు, పిల్లా లేదు. ఆ ముద్ద చేతిలోనే గడ్డకట్టింది.

"నేను గుర్తున్నానా నీకు?" అని అడిగింది తర్వాత. అడగకుండా ఉండాలని చాలాసేపు ప్రయత్నించిన మనిషిలా అడిగింది.

బోక్‌సిల్ అబద్ధం చెప్పాలనుకుంది. చెప్పలేకపోయింది. లేదంది. అమ్మ కూడా గుర్తులేదని, చెట్టొక్కటే గుర్తుందని చెప్పింది.

చున్‌సిమ్ తల ఊపింది. చేటలో పప్పుని అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. పుట్టిన దగ్గర్నుంచీ తనే మోసింది, తనే తినిపించింది. ఆఖరికి గుర్తుండిపోయింది ఒక చెట్టు. ఆ మాట ఆమె పైకి అనలేదు. బోక్‌సిల్‌కి మాత్రం వినిపించింది. ఏదో ఒకటి చెప్పాలని, ఇంకేమైనా దొరుకుతుందేమోనని తన లోపల వెతుక్కుంది.

"ఆ చెట్టు గెంతేది," అంది మెల్లగా. "అదొక్కటే నాకు ఇప్పటికీ అర్థం కాదు. గాలి లేనప్పుడు కూడా పైకీ కిందకీ గెంతేది. ఎర్ర పావడా కట్టుకుని గెంతుతున్నట్టు. ఇవాళ చూశాను కదా, అంత మాను గాలికి కూడా కదలదు. కల అయ్యుంటుంది."

చున్‌సిమ్ చేట పక్కన పెట్టింది. ఆమె ముఖంలో ఏదో సడలింది. ఆ పూటంతటిలో మొదటిసారి కాస్త నవ్వుతున్నట్టు కనిపించింది.

"పిచ్చిదానా. గెంతింది చెట్టు కాదు, నేను. ఏడుపు మానిపించడానికి నిన్ను వీపున కట్టుకుని ఆ చెట్టుకి ఎదురుగా నిలబడి ఎగరేసేదాన్ని. అమ్మ చేలో ఉండేది. రోజంతా నువ్వు నా వీపు మీదే. ఇంక నా ముఖం ఎక్కడ చూశావు నువ్వు?"

బోక్‌సిల్ ఆమె వీపు వైపు చూసింది. వంగిన వీపు, వెలిసిన నీలం చొక్కా, మెడ దగ్గర ఎండకి కమిలిన చర్మం. చూస్తూ చూస్తూ తల ఆనించింది. చున్‌సిమ్ కదలలేదు. బొగ్గు పొగ, చెమట, నానిన కాయల వగరు వాసన. ఇది గుర్తుందో లేదో బోక్‌సిల్‌కి తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఏడుపు అప్పుడు వచ్చింది ఇద్దరికీ. చున్‌సిమ్ కూర్చున్నచోటే వీపుని కొద్దిగా పైకీ కిందకీ ఊపింది, ఆ సంగతి తనకే తెలియనట్టు.

చీకటి పడేవేళ, అన్నం వడ్డిస్తూ, నీ పేరు దల్లె అని చెప్పింది. వసంతంలో మంచు కరగ్గానే కొండమీద మొదట మొలిచే అడవి ఉల్లి పేరు. అది మొలిచిన వారంలో పుట్టావని అమ్మ పెట్టింది. బోక్‌సిల్ ఆ పేరుని అన్నంతో పాటు నోట్లో నమిలి చూసుకుంది. దల్లె. పొరుగువాళ్ళ పిల్ల పేరులా ఉంది.

పొద్దున్నే ఆమె వాగు దగ్గరకి పోయి, పెంకు తీసిన పప్పుని గంపలో పోసి ప్రవాహంలో దించింది. గోధుమరంగు నీళ్ళు గంపలోంచి తోకలా సాగి కొట్టుకుపోతున్నాయి. వగరు వదులుతోంది. చల్లటి నీళ్ళలో చేతులు పెట్టి పప్పుని కలుపుతూ ఉంది. పైనుంచి ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. ఆమె పట్టించుకోలేదు. పిలుపు మళ్ళీ వచ్చింది. పక్కన ఎవరైనా పిల్ల ఉందేమోనని తలెత్తి చూసింది. వాగు ఒడ్డున ఎవరూ లేరు. మళ్ళీ పనిలో పడింది.

గులకరాళ్ళ చప్పుడయ్యి వెనక్కి తిరిగితే చున్‌సిమ్ కర్ర ఊతంగా దిగి వస్తోంది. మోకాళ్ళు పట్టుకుని, ఆయాసపడుతూ దగ్గరకి వచ్చి నిలబడింది.

"అన్నానికి పిలుస్తున్నా. వినపడలేదా?"

"వినపడింది," అంది బోక్‌సిల్. "దల్లె అంటే నన్నని తెలియలేదు."

చున్‌సిమ్ కర్ర మీద వాలింది. వాగు వైపు చూసింది, గంపలోంచి సాగుతున్న గోధుమరంగు తోక వైపు చూసింది.

"అక్కా, ఇంకోసారి పిలువు."

చున్‌సిమ్ అక్కడే నిలబడి పిలవలేదు. వచ్చిన దారినే తిరిగి, కర్ర తాటించుకుంటూ, ప్రతి రాయి దగ్గరా ఆగుతూ, ఇంటి వాకిలి దాకా ఎక్కింది. అక్కడ చూరు కింద నిలబడి, ఇటు తిరిగి, ఊపిరి తీసుకుంది. బోక్‌సిల్ నీళ్ళలోంచి చేతులు తీసి, పనికి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని, జవాబు సిద్ధం చేసుకుని నిలబడింది.